ముప్పదియారు ఫ్రేములు: ఛాయాచిత్రకళలో ఓర్పు, పొదుపు

కళలలో కొన్ని ధనాన్ని కోరుతాయి, కొన్ని దేహబలాన్ని కోరుతాయి, మరికొన్ని అన్నిటికంటె ముందుగా ఓర్పును కోరుతాయి. ఛాయాచిత్రకళ ఈ మూడవ కోవకు చెందినదని మా నమ్మకం. ఉర్దూలో సబ్ర్, కిఫాయత్ అని, తెలుగులో ఓర్పు, పొదుపు అని పిలువబడే రెండు గుణాలు ఈ కళకు రెండు కన్నుల వంటివి. ఇవి పుస్తకం చదివినంత మాత్రాన అలవడేవి కావు. తెలిసిన పెద్దవారి ప్రక్కన నిలిచి, వారి చేతిని, వారి చూపును గమనిస్తూ నేర్చుకొనవలసినవి. ఫిలిం కెమెరాను నమ్ముకొని జీవితం గడిపినవారు మన నగరంలో ఏటేటా తగ్గిపోతున్నారు. వారితో పాటు ఆ విద్య కూడ అంతరించిపోకుండ, అభిరుచి గల చిన్నవారికి దానిని ఎట్లు అందింపవచ్చునో మాకు తెలిసినంతలో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము వ్రాస్తున్నది అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని. అమీర్‌పేట ఒకనాడు అమీర్-ఎ-కబీర్ అనే బిరుదు గల పైగా నవాబుల జాగీరు. పంజ్ అనే పారశీక సంఖ్యావాచకం, గుట్ట అనే తెలుగు మాట చేరి పంజగుట్ట అయినదని పెద్దలు చెబుతారు. రెండు భాషలు ఒక్క పేరులో ఇమిడిపోయిన ఈ చోట నేడు కంప్యూటరు శిక్షణాలయాల బోర్డులు ఆకాశాన్ని కప్పివేస్తున్నవి. 2017 నవంబరు నుండి నడుస్తున్న మెట్రో రైలు మార్గం తల పైన సాగిపోతున్నది. ఆ బోర్డుల క్రింద, ఆ మార్గపు నీడలో నడిచే ప్రతి యువకుని జేబులోను కెమెరా ఉన్నది. ఒక్క సాయంత్రం రెండు వందల ఫొటోలు తీయడం వారికి విశేషం కాదు. కాని వాటిలో ఒక్కదానిని మరల చూచేవారు అరుదు. కొరత తీరినది, చూపు కొరవడినది.

గాజుపలక నాటి ఓర్పు

మన నగరానికి ఈ విద్య క్రొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ పేరు వినని హైదరాబాదీ ఉండరాదు. ఆయన 1844లో మీరట్ సమీపాన గల సర్దానాలో జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరాను అభిరుచిగా చేపట్టినారు. అనగా ఈ కళలో మన నగరానికి కీర్తి తెచ్చిన మహనీయుడు కూడ మొదట తీరిక వేళల ఔత్సాహికుడే. అటుపిమ్మట హైదరాబాదు సంస్థానానికి వచ్చి, సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, నిజాము నుండి ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందినారు. ముసవ్విర్ అనగా చిత్రాన్ని రూపొందించేవాడు. ఆయన 1905లో పరమపదించినారు.

ఆ కాలపు పనితీరును విద్యార్థులు ఒక్కసారి ఊహించుకొనవలెను. నేటి ఫిలిం స్థానంలో నాడు గాజుపలక ఉండేది. ఒక పలకకు ఒక చిత్రం. పెద్ద కెమెరాను ముక్కాలిపీటపై నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకొని, తలక్రిందులుగా కనబడే బింబాన్ని సరిచూచుకొని, ఆ తరువాత పలకను అమర్చవలెను. పలకను అమర్చిన తరువాత బింబం ఇక కనబడదు. కాబట్టి నిర్ణయమంతా ముందుగానే జరిగిపోవలెను. ఏనుగులతో సాగే వేటబృందాన్నైనా, దర్బారునైనా చిత్రించవలసినప్పుడు ఎవరు ఎక్కడ నిలువవలెనో, వెలుగు ఏ దిక్కు నుండి రావలెనో తేల్చుకొనిన తరువాతనే చేయి కదిలేది. గాజు బరువైనది, పగిలిపోయేది, ఖరీదైనది. ఆ బరువే, ఆ ఖరీదే చిత్రకారునికి ఓర్పు నేర్పినవి.

మరొక విషయం కూడ గమనింపదగినది. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది. నూరేండ్లు దాటినను అవి నిలిచి ఉన్నవంటే, తీసినవారు లెక్కగా తీసి, తరువాతివారు జాగ్రత్తగా భద్రపరచిన ఫలితమే. పొదుపు అనగా తక్కువ ఖర్చు చేయుట మాత్రమే కాదు, ఖర్చు చేసిన దానిని నిలుపుకొనుట కూడ.

నాలుగు సెకండ్ల ఫిలిం

గాజు పోయి సెల్యులాయిడు వచ్చిన తరువాత పొదుపు పాఠాన్ని మన ప్రాంతానికి చెప్పినది సినిమా. అమీర్‌పేటలోని సారథీ స్టూడియో నగరంలోని పాత చిత్రనిర్మాణశాలలలో మొట్టమొదట చెప్పుకొనదగినది. పూర్తిగా హైదరాబాదులోనే నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రంగా పేరొందిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో ఇక్కడి నుండే వెలువడినది.

సినిమా కెమెరాలో నడిచే 35 మిల్లీమీటర్ల ఫిలిమూ, మన చేతి కెమెరాలో వేసే 35 మిల్లీమీటర్ల ఫిలిమూ వెడల్పులో ఒక్కటే, అంచున గల రంధ్రాల వరుసయు ఒక్కటే. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే యంత్రశిల్పి సినిమా ఫిలింను చిన్న కెమెరాలో వాడవచ్చునని తలపోసి చేసిన ప్రయోగమే 1925లో లైకా కెమెరాగా విపణికి వచ్చినది. ఇక లెక్క చూడండి. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు, అడుగుకు 16 బొమ్మలు. అనగా నిమిషానికి 90 అడుగులు. 400 అడుగుల చుట్ట నాలుగున్నర నిమిషాలైనా నిండకముందే అయిపోతుంది. మన 36 ఫ్రేముల రీలు మొత్తం పొడవు సుమారు ఐదున్నర అడుగులు. సినిమా కెమెరాలో వేస్తే అది నాలుగు సెకండ్లలోపే పరుగెత్తిపోతుంది.

అందువలననే ఫిలిం రోజులలో సెట్టుపై కెమెరా తిరుగకముందే రిహార్సలు మీద రిహార్సలు జరిగేవి. నటుడు ఎక్కడ ఆగవలెనో నేలపై సుద్దతో గుర్తు వేసేవారు. వెలుగును మీటరుతో కొలిచి, దూరాన్ని టేపుతో కొలిచి, అప్పుడు కెమెరా నడిపించేవారు. చుట్ట చివర మిగిలిన చిన్న ముక్కలను పారవేయక విడిగా దాచేవారు. నలుపు తెలుపు ఫిలిం ముక్కలైతే, చీకటిలో కత్తిరించి పాత క్యాసెట్లలో చుట్టుకొని, స్టిల్ ఫొటోలకు వాడుకొనిన ఔత్సాహికులు లేకపోలేదు. ఇట్లే నూరడుగుల ఫిలిం డబ్బా ఒకటి కొని చుట్టుకొంటే పదునెనిమిది రీళ్ల వరకు వస్తవి. రీళ్లను విడివిడిగా కొనుటకంటె ఇది చౌక.

సామాన్య గృహాలకు అందినవి ఇంకను చిన్న సాధనాలు. ఆగ్ఫా క్లిక్ 3 వంటి పెట్టె కెమెరాలలో 120 రకం రీలు వేస్తే 12 చదరపు బొమ్మలు మాత్రమే వచ్చేవి. ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిలిం ఎందరో విద్యార్థుల మొదటి రీలు. ఆ కర్మాగారం ఇప్పుడు మూతబడినది. పండుగకు నాలుగు, పెండ్లికి ఐదు, మిగిలిన మూడు అమ్మమ్మ ఊరు వెళ్లినప్పుడు, ఇట్లు ఒక్క రీలు ఏడాది పొడవునా సాగిన ఇండ్లు మనకు తెలియనివి కావు. నేడు కొన్ని విదేశీ సంస్థలు ఫిలిం తయారు చేస్తూనే ఉన్నవి. కాని ఒక్క రీలుకు వందల రూపాయలు వెచ్చింపవలెను, కడిగించుటకు వేరే ఖర్చు. కావున పొదుపు అవసరం నాటికంటె నేడు తగ్గలేదు.

మా తప్పు ఒకటి

మాకు ఈ విద్య నేర్పినవారు అమీర్‌పేటలో ఒక ఇరుకు సందులో చిన్న స్టూడియో నడిపిన పెద్దమనిషి. మేము వారిని ఉస్తాద్ సాబ్ అని పిలిచేవారము. వారు మమ్ములను పేరుతో పిలిచిన జ్ఞాపకం లేదు, అందరమూ వారికి బేటాలమే. వారి వద్ద శిష్యరికం చేసిన మొదటి సంవత్సరంలో, ముప్పది ఏండ్లు సేవ చేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక వృద్ధ అటెండరు గారి వీడ్కోలు సభకు ఫొటోలు తీసే పని మాకు అప్పగింపబడినది. మేము ఉత్సాహంతో తీసినాము. పూలదండ వేసినప్పుడు, శాలువ కప్పినప్పుడు, ఆయన కన్నీరు తుడుచుకొన్నప్పుడు, ప్రతి సందర్భంలోను మీట నొక్కినాము. లెక్క సూచి 36 దాటి 38 చూపినప్పటికిని ఫిలిం ఆగలేదు. అప్పుడైనా మాకు అనుమానం కలుగలేదు.

రీలు కడిగిన తరువాత చూస్తే అది ఆ చివరి నుండి ఈ చివరి వరకు గాజువలె తెల్లగా ఉన్నది. ఫిలిం కొస చుట్టుకొనే ఇరుసుకు తగులుకొననే లేదు. కెమెరాలో ఒక్క అంగుళమైనా కదలలేదు. ఉస్తాద్ సాబ్ కోపగించలేదు. ఆ తెల్లని రీలును వెలుగుకు ఎత్తి పట్టి చూచి, ఒకే ప్రశ్న వేసినారు: “చాబీ తిరిగిందా, బేటా?”

ఆ ప్రశ్నకు అర్థం ఇది. ఫిలింను ముందుకు త్రిప్పినప్పుడు ఎడమవైపున గల వెనుకకు చుట్టే చాబీ కూడ దానంతట అదే తిరుగవలెను. అది తిరిగితేనే లోపల ఫిలిం కదులుతున్నదని నమ్మకం. అది చూచుటకు పట్టే కాలం ఒక్క సెకండు. ఆ ఒక్క సెకండు ఓర్పు లేనందున ఒక మనిషి ముప్పది ఏండ్ల సేవకు గుర్తుగా ఉండవలసిన బొమ్మ ఒక్కటియు మిగులలేదు. ఆ అటెండరు గారు ఇప్పుడు లేరు. వారి ఇంటివారు ఆ ఫొటోలను గూర్చి రెండు మారులు అడిగినారు, మూడవ మారు అడుగలేదు. నాటి నుండి మేము ఎవరికి కెమెరా చేతికిచ్చినను మొదట నేర్పేది ఆ ప్రశ్ననే.

బోధన క్రమం

చిన్నవారికి నేర్పేటప్పుడు మేము అనుసరించే క్రమాన్ని ఇక్కడ వివరిస్తాము. దీనిలో మా సొంతం కొంచెమే, ఉస్తాద్ సాబ్ వంటి పెద్దల నుండి వచ్చినది అధికం.

మొదటి వారం కెమెరాలో ఫిలిం ఉండదు. ఖాళీ కెమెరాతో పంజగుట్ట చౌరస్తా నుండి అమీర్‌పేట వరకు నడువవలెను. తీయదలచినప్పుడు ఆగి, వెలుగు ఎక్కడ నుండి పడుతున్నదో, దూరం ఎన్ని అడుగులో నోటితో చెప్పవలెను, ఆపై మీట నొక్కవలెను. కొందరికి ఇది ఆటవలె తోచి నవ్వు వస్తుంది. కాని రెండవ రోజుకు వారి అడుగు నెమ్మదిస్తుంది. ఇడ్లీ బండి పైనుండి లేచే ఆవిరి ఎదురువెలుగులోనే కనబడుతుందని, మెట్రో స్తంభాల నీడ మధ్యాహ్నం పొట్టిగా, సాయంత్రం పొడవుగా పడుతుందని వారికే తెలిసివస్తుంది.

రెండవ వారం వెలుగు లెక్క. మీటరు లేకపోయినను వెలుగును అంచనా వేయవచ్చును. మిట్టయెండలో ఎపర్చరును 16 వద్ద ఉంచి, షట్టరు వేగాన్ని ఫిలిం వేగానికి సమంగా పెట్టవలెను. 100 వేగం గల ఫిలిం అయితే సెకండులో 125వ వంతు సరిపోతుంది. ఎండ కొంచెం మందగిస్తే 11, పలుచని మబ్బుకు 8, దట్టమైన మబ్బుకు 5.6, ఎత్తైన భవనం నీడలో 4. ఈ అయిదు అంకెలు కంఠస్థమైతే బ్యాటరీ లేని పాత కెమెరా కూడ ఉపయోగపడుతుంది. ఎపర్చరును ఒక మెట్టు తెరచినప్పుడు షట్టరును ఒక మెట్టు వేగిరపరిస్తే పడే వెలుగు మారదు. 16 వద్ద 125, 11 వద్ద 250, 8 వద్ద 500, ఈ మూడును ఒకే మొత్తం. ఎక్కాలు వల్లించినట్లు దీనిని వల్లింపవలెను.

సందేహం కలిగినప్పుడు ఏ వైపు మొగ్గవలెను? నెగెటివ్ ఫిలింకు కొంచెం ఎక్కువ వెలుగు ఇచ్చినను క్షమిస్తుంది, తక్కువ ఇస్తే నీడలలోని వివరం ఎన్నటికిని రాదు. అందుచేత నీడను చూచి వెలుగు ఇవ్వవలెనని పెద్దల మాట. డిజిటలు కెమెరాకు ఇది తారుమారు. దానిలో తెల్లని భాగం ఒక్కసారి మాడిపోతే వివరం తిరిగి రాదు. కావున అక్కడ వెలుగును చూచి జాగ్రత్తపడవలెను.

మూడవ వారం రీలు చేతికి వస్తుంది. దానితో పాటు ఒక చిన్న నోటుపుస్తకం. ప్రతి ఫ్రేముకు ఒక పంక్తి: తేదీ, చోటు, ఎపర్చరు, షట్టరు, ఎందుకు తీసినాము అనే ఒక్క వాక్యం. ఈ చివరిది ముఖ్యం. ఎందుకు అన్నది వ్రాయలేకపోతే ఆ ఫ్రేము తీయనవసరం లేదు. రీలును నెల రోజులకు తక్కువ కాకుండ నడిపించవలెనని మా నియమం. దినానికి ఒకటి, శుక్రవారమో ఆదివారమో రెండు. ఒక విద్యార్థి మొదటి రీలును పది నిమిషాలలో ముగించి వచ్చినాడు. మేము ఏమియు అనలేదు, కడిగి, 36 బొమ్మలున్న తావును అతని ముందు పరచినాము. ముప్పది మూడింటిలో ఒకే బస్సు, ఒకే కోణం. అతడే తల వంచుకొని, “సార్, ఇందులో మూడే ఉన్నాయి” అన్నాడు. రెండవ రీలు అయిదు వారాలు నడిచినది. అందులో పంజగుట్ట దగ్గర చెప్పులు కుట్టే తన తాతగారి చేతుల బొమ్మ ఒకటి కలదు. దాని కొరకు అతడు మూడు సాయంత్రాలు ఆయన ప్రక్కన ఊరకే కూర్చున్నాడట. నాలుగవ సాయంత్రం వెలుగు సూదిపై పడినప్పుడు ఒక్కసారి నొక్కినాడు. ఆ ఒక్కటే చాలినది.

చీకటి గదిలో

రీలును ఎవరికో ఇచ్చి కడిగించుట కంటె స్వయంగా కడుగుకొనుట చౌక, విద్యకు కూడ మేలు. దీనికి పెద్ద గది అవసరం లేదు. చేతులు దూర్చే నల్లని సంచి, మూతగల ఒక డెవలపింగ్ ట్యాంకు, రెండు సీసాలు, ఒక థర్మామీటరు ఉంటే స్నానాల గదిలోనే పని జరుగుతుంది. ఫిలింను ట్యాంకులోని చక్రానికి ఎక్కించుటను చీకటిలో చేయవలెను కనుక, మొదట పాడైన రీలుతో కండ్లు తెరచి పదిసార్లు, కండ్లు మూసి పదిసార్లు సాధన చేయించవలెను.

హైదరాబాదులో ముఖ్యమైన చిక్కు వేడిమి. డెవలపరును సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద వాడవలెనని నియమం. వేసవిలో మన కుళాయి నీరు ముప్పది దాటుతుంది. వేడి పెరిగితే రసాయనం వేగంగా పని చేస్తుంది, ఫిలింపై గల జిలాటిన్ పొర ఉబ్బి మెత్తబడి గీతలు పడుతుంది. అందుచేత సీసాను మంచుగడ్డలు వేసిన బకెట్టులో నిలబెట్టవలెను. మంచును డెవలపరులోనే వేయరాదు, పాలు నీళ్లయినట్లు అది పలుచబడిపోతుంది. వేసవిలో తెల్లవారుజామున పని చేయుట, కొన్ని రీళ్లు కూడబెట్టి ఒక్కసారి కడుగుట కూడ పొదుపే.

డెవలపరు తరువాత హైపో. సర్ జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లో దీని గుణాన్ని కనుగొని, ఛాయాచిత్రాలను నిలుపుటకు దీనిని 1839లో ఉపయోగించినారు. వెలుగు తగలని వెండి లవణాలను కరిగించివేయుట దీని పని. హైపో బలం మిగిలియున్నదో లేదో తెలియుటకు సులభోపాయం కలదు. రీలు కొసన కత్తిరించిన ముక్కను అందులో వేసి, అది ఎంత సేపటికి తేటపడుతున్నదో చూడవలెను. ఆ కాలానికి రెట్టింపు కాలం రీలును ఉంచవలెను. తేటపడుటకు క్రొత్త హైపోలో పట్టిన కాలానికి రెండింతలు పట్టినప్పుడు హైపోను మార్చవలెను. వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది. దానిని కాలువలో పోయరాదు. పెద్ద స్టూడియోలలో ఆ నీటి నుండి వెండిని తిరిగి రాబట్టేవారు.

నీటి కొరత గల మన నగరంలో మరొక ఉపాయం ఎంతో విలువైనది. కుళాయి క్రింద అరగంట సేపు కడుగనవసరం లేదు. ఫిలింను గట్టిపరచే పటిక కలియని హైపో వాడినప్పుడు, ట్యాంకును నీటితో నింపి అయిదుసార్లు తలక్రిందులు చేసి పారబోసి, మరల నింపి పదిసార్లు, మరల నింపి ఇరువదిసార్లు చేస్తే చాలును. మూడు ట్యాంకుల నీటితో పని ముగుస్తుంది. మిగిలిన కొద్ది నీరు కూడ పొదుపు పాఠమే.

ఆరిన ఫిలింను ఆరు ముక్కలుగా, ముక్కకు ఆరు బొమ్మల చొప్పున కత్తిరించి, ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు గల ఒక్క తావుపై పరచి అచ్చు తీస్తే, నెల రోజుల చూపు అంతయు ఒక్క కాగితంపై కనబడుతుంది. దీనినే కాంటాక్ట్ షీట్ అంటారు. గురుశిష్యులు ప్రక్క ప్రక్కన కూర్చుండి చూడవలసినది దీనినే. ఇక్కడ గురువు చేయవలసినది తప్పులు ఎంచుట కాదు. “ఈ బొమ్మకు ముందు బొమ్మలో నీవు ఎక్కడ నిలిచినావు? రెండడుగులు ముందుకు ఎందుకు వేయలేదు?” అని అడుగుట. సమాధానం శిష్యుని నోటి నుండియే రావలెను.

ఫోను మాత్రమే ఉన్నవారికి

“మా వద్ద ఫిలిం లేదు, కొనే శక్తియు లేదు, ఫోనులో ఎన్ని తీసినను ఖర్చు లేదు కదా, మాకెందుకు ఈ పొదుపు?” అని కొందరు విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మేము చెప్పే సమాధానం ఇది. ఖర్చు అయ్యేది ఫిలిం ఒక్కటే కాదు, మన చూపు కూడ ఖర్చవుతుంది. రెండు వందల బొమ్మలు తీసేవాడు వాటిలో ఒక్కదాని ముందైనా నిలువలేడు. కావున ఫోను గలవారు కూడ నెలకు 36 అని నియమం పెట్టుకొనవచ్చును. తీసిన వెంటనే చూడక, మరునాటి ఉదయం వరకు ఆగవచ్చును. నోటుపుస్తకం వ్రాయవచ్చును. నెలాఖరున ఒకటి ఎంచి కాగితంపై అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో తేదీ, పేరు, చోటు వ్రాసి ఇంటిలో దాచవచ్చును. ఫోను పోయిననాడు, పాడైననాడు ఆ కాగితమే మిగులుతుంది. ఇంకను లోతుగా నేర్వదలచినవారికి పంజగుట్టకు దూరం కాని మాసబ్ ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం కలదు. అక్కడ ఛాయాచిత్రకళను పట్టభద్ర స్థాయిలో బోధిస్తారు.

అడిగి తీయుట

ఓర్పులో భాగంగా చెప్పవలసిన మాట మరొకటి ఉన్నది. ఎదుటివారి ముఖం మన సొత్తు కాదు. దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించినారు. పర్దా పాటించే స్త్రీలు తమ మర్యాదకు భంగం కలుగకుండ, తమ ఇష్టంతో ఫొటో తీయించుకొనే వీలు ఆ విధంగా కలిగినది. సాధనం ఎంత గొప్పదైనను ఎదుటివారి మనసు తెలిసి మసలుకొనుట ఈ నగరపు తహజీబు అని ఆ స్టూడియో మనకు గుర్తు చేస్తున్నది.

మేము చిన్నవారికి ఇదే చెబుతాము. అంగడిలో పెద్దవారు కనబడితే ముందు సలామో, నమస్కారమో చేయవలెను. “చాచా, ఒక ఫొటో తీసుకోనా?” అని, “పెద్దమ్మా, మీ బొమ్మ ఒకటి తీయనా?” అని అడుగవలెను. వద్దంటే చిరునవ్వుతో తప్పుకొనవలెను. సరే అన్నవారికి తరువాత ఒక ప్రతి తెచ్చి ఇవ్వవలెను. అట్లు ప్రతి ఇచ్చిన సందులోనికి మరుసారి వెళ్లినప్పుడు తలుపులు వాటంతట అవే తెరచుకొంటవి. తొందరపడి దొంగచాటుగా తీసిన నూరు బొమ్మలకంటె, అడిగి, ఆగి తీసిన ఒక్క బొమ్మలో మనిషి ఎక్కువగా కనబడతాడు.

ముగింపు

ఉస్తాద్ సాబ్ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు వేరొక వ్యాపారం నడుస్తున్నది. వారి ఎన్‌లార్జరు మాత్రం మా వద్ద ఉన్నది. దాని కటకం శుభ్రంగా ఉన్నది, దీపం మార్చవలసి వచ్చినది. దానిని వాడుట తెలిసిన విద్యార్థులు ఈనాడు మాకు తెలిసినంతలో నలుగురు. నలుగురంటే తక్కువ అని మేము అనుకొనము. ఒక్కొక్కరు మరి ఇద్దరికి నేర్పితే పన్నెండుగురు అవుతారు. 120 రకం రీలులోని ఫ్రేములు ఎన్నో అంత.

మన ఇండ్లలో అటక మీద తోలుసంచిలో నిద్రించే పాత కెమెరాలు ఎన్నో ఉంటవి. విద్యార్థులారా, ఈ సెలవులలో వాటిని దించి, దుమ్ము దులిపి, వాడిన పెద్దవారి ప్రక్కన కూర్చుండి, “తాతా, దీనిని ఎట్లు పట్టుకొనేవారు? నానా, ఈ చక్రం ఎందుకు?” అని అడగండి. వారు చెప్పగలిగిన రోజులలోనే అడగండి. పెద్దలారా, మీ వద్ద ఉన్నది పాతబడిన విద్య అని సంకోచింపకండి. కెమెరాను చిన్నవారి చేతికి ఇవ్వండి, వారు చేసే తప్పుకు ఒక రీలు వృథా అయినను ఓర్చుకొనండి. మా రీలు వృథా అయినప్పుడు ఒకరు ఓర్చుకొన్నారు కనుకనే మేము ఈ నాలుగు మాటలు వ్రాయగలిగినాము. ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం మరువకండి:

“చాబీ తిరిగిందా, బేటా?”